నంబర్లు లేని అర్దియాలో రెండు రోజులు

అర్దియా చూడ్డానికి ఎవరూ వెళ్లరు. కువైట్ వెళ్లివచ్చిన వాళ్లను అడిగితే సముద్రపు ఒడ్డు గురించి చెబుతారు, బంగారం అంగళ్ల గురించి చెబుతారు. అర్దియాలో ఆ రెండూ లేవు. ఒకే రంగు ఇళ్లు, ఒక సహకార సంఘం అంగడి, బ్లాకుకో మసీదు, ఒక చివర కార్లు బాగుచేసే షెడ్లు. తొమ్మిదేళ్లు కువైట్‌లో పైపులు బిగించి బతికిన నేను కూడా అక్కడికి ఒక్కసారే వెళ్లాను. అదీ ఇరాక్ సైన్యం వచ్చిన నెల దాటాక, బస్సు వెళ్లిపోయేలోగా మా అక్కను వెతికి తెచ్చుకోవడానికి.

ఊళ్లో అందరూ నన్ను ట్యాంకుల గురించే అడుగుతారు. నేను చూసిన ట్యాంకులు తక్కువ, చూసినవి కూడా రోడ్డు పక్కన ఎండకు మాడుతూ ఊరికే నిలబడి ఉన్నాయి. నాకు తెలిసింది అర్దియా, అందుకని అదే రాస్తున్నాను. ఓపిక ఉన్నవాళ్లు చదవండి. నడిచేటప్పుడు నాకైతే లేదు.

మంగఫ్, సోమవారం

మంగఫ్‌లో మా లేబర్ క్యాంపు ఫోర్‌మన్ కేరళ మనిషి. ఎవరి కాళ్లు పట్టుకున్నాడో గాని మాకోసం ఒక బస్సు సంపాదించాడు. "గురువారం పొద్దున ఎనిమిదికి ఖైతాన్ పెద్ద మసీదు దగ్గర బయలుదేరుతుంది. బస్రా, బాగ్దాద్, అక్కణ్నుంచి జోర్డాన్. నీకొకటి, మీ అక్కకొకటి సీటు పెట్టాను" అన్నాడు హిందీలో. ఆ వెంటనే, "ఎనిమిదీ ఐదుకు మీరు లేకపోతే ఆ రెండు సీట్లలో నలుగురు కూర్చుంటారు, తర్వాత నన్ను తిట్టుకోవద్దు" అన్నాడు. ఇంకో బస్సు ఉంటుందని అతనూ అనలేదు, నేనూ అడగలేదు.

మా అక్క రామలక్ష్మమ్మ నాకంటే ఆరేళ్లు పెద్ద. ఆరేళ్లుగా అర్దియాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేస్తోంది. నెలకోసారి శుక్రవారం నాడు సహకార సంఘం అంగడి ముందున్న ఫోన్ డబ్బా నుంచి మా క్యాంపుకు ఫోన్ చేసేది. తన కోసం మగవాళ్లెవరూ ఇంటికి రాకూడదని మామా కట్టడి. మామా అంటే అక్కడ అమ్మ కాదు, ఇంటి యజమానురాలు; యజమానేమో బాబా. అందుకని ఆరేళ్లలో అక్కను నాలుగుసార్లే చూశాను, అదీ ఊరికి సామాన్లు పంపడానికి ఖైతాన్ వచ్చినప్పుడు. సైన్యం వచ్చాక ఫోన్ కూడా రాలేదు.

నా దగ్గరున్నది ఒక కాగితం. అక్క పనిలో చేరిన కొత్తలో ఫోన్‌లో చెబుతుంటే నేనే రాసుకున్నాను: అర్దియా, 6వ బ్లాకు, 4వ వీధి, 17వ ఇల్లు. ఏదైనా అయితే పనికొస్తుందని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఆరేళ్లు పర్సులో మోశాను. ఇప్పుడు ఆ ఏదైనా అయింది.

ఖైతాన్‌కు షేరు కారులో ఆరుగురం కూర్చున్నాం. డ్రైవరు మామూలు ధరకు అయిదు రెట్లు తీసుకున్నాడు, ఏసీ పనిచేయలేదు. మూడుచోట్ల ఆపి వెతికారు. మూడో చోట ఒక సైనికుడికి నా చేతి గడియారం నచ్చింది. ఇచ్చేశాను. ఎనిమిదింటి బస్సు కోసం పరిగెత్తుతున్న మనిషికి గడియారం లేకుండా పోవడం ఎంత బాగుంటుందో మీరే ఊహించుకోండి.

ఖైతాన్, సోమవారం సాయంత్రం

ఖైతాన్‌లో మా ఊరి గంగయ్య మామ గదిలో దిగాను. ఇద్దరు పట్టే గదిలో తొమ్మిదిమంది. కడప జిల్లా సగం అక్కడే ఉన్నట్టు ఉంటుంది ఖైతాన్‌లో. పాత బిల్డింగులు, చిన్న చిన్న వర్క్‌షాపులు, మెట్ల మీద ఎండుమిరపకాయల ఘాటు. ఆ రోజు మెట్ల మీద ఏ వాసనా లేదు. టమోటాలు దొరక్క నెలైందట. అన్నంలో కారప్పొడి, నూనె కలుపుకుని తిన్నాం. కింద ఈజిప్టువాడి అంగట్లో టీ ధర మూడింతలైంది, చక్కెర సగమైంది.

గంగయ్య మామకు నా కాగితం చూపించాను. ఆయన దాన్ని చదివి, మడిచి, మళ్లీ నా చేతిలో పెట్టాడు.

"ఏమప్పా, ఈ కాగితం పట్టుకొని అర్దియాకు పోతాండావా? ఆడ నంబర్లు యాడుండాయి?"

"యాడికి పోయినాయి మామా?"

"అన్నీ పెరికేసినారు. వీధి బోర్డులు ల్యా, ఇంటి నంబర్లు ల్యా. మిలిట్రీవాళ్లు పేర్లు రాసుకొని ఇండ్లకాడికి వస్తాండారంట. ఎవురిల్లు ఎవురిదో తెలీకుండా చేసినారు జనం."

నవ్వొచ్చింది, కానీ నవ్వే ఓపిక లేదు. కువైట్ వచ్చిన కొత్తలో నాకు అన్నిటికంటే వింతగా అనిపించింది ఈ నంబర్ల సంగతే. మా ఊళ్లో ఇంటికి నంబరుండదు. బాయి పక్క ఇల్లు, మిద్దె ఇల్లు, ఇద్దరు పెండ్లాల వెంకటయ్య ఇల్లు అని చెప్తే చాలు, ఎవరో ఒకరు చేయిపట్టుకుని తీసుకుపోయి దించుతారు. ఇక్కడ పక్కింటివాడి పేరు కూడా తెలియకుండా నంబరుతో బతుకుతారని తొమ్మిదేళ్లు ఎగతాళి చేశాను. ఇప్పుడు ఆ నంబరే లేదు.

అర్దియా, మంగళవారం

పొద్దున్నే ఒక సీసాలో నీళ్లు, జేబులో రెండు బిస్కెట్ పొట్లాలు పెట్టుకుని నడిచాను. కార్లవాళ్లు అర్దియా అనగానే తల అడ్డంగా ఊపారు. ఎండ అప్పటికే చెప్పుల్లోంచి పైకి వస్తోంది. పెద్ద రోడ్డు దాటడానికే గంట పట్టింది; సైనిక లారీలు వరసగా పోతుంటే మధ్యలో దాటబుద్ధి కాలేదు.

గంగయ్య మామ చెప్పింది నిజమే. వీధి మొదట్లో కడ్డీలున్నాయి, కడ్డీల మీద బోర్డుల్లేవు. ప్రతి గేటు పక్కన గోడ మీద అరచేయంత మేర రంగు వెలిసిపోకుండా కొత్తగా ఉంది, నాలుగు మూలల్లో నాలుగు స్క్రూ రంధ్రాలు. ఇళ్లన్నీ రెండంతస్తులు, ఇసుక రంగు, మగవాళ్లు కూర్చుని మాట్లాడుకునే గదికి పక్కనుంచి వేరే తలుపు. ఒక వీధి తిరిగి ఇంకో వీధిలోకి వెళితే మళ్లీ అదే వీధికి వచ్చినట్టుంది. ఒకే పచ్చ గేటు ముందు మూడోసారి నిలబడ్డానని తెలిసినప్పుడు అక్కడే అరుగు మీద కూలబడ్డాను.

ఇద్దరు ముగ్గురిని అడిగాను. నాలుగో వీధి ఏదంటే తెలియదన్నారు. ఆరో బ్లాకు ఇదేనా అంటే అదీ తెలియదన్నారు. ఒక పెద్దాయనైతే తన ఇంటి గేటులోనే నిలబడి, తాను ఈ ఊరివాణ్ని కాదన్నాడు. రామలక్ష్మమ్మ అనే హిందీ పనిమనిషి (ఇండియావాళ్లెవరైనా అక్కడ హిందీలే) అంటే, అంత పొడుగు పేరు వినలేదన్నారు.

అప్పుడు ఆ సైనికుడు వచ్చాడు. ఒంటరిగా ఉన్నాడు, తుపాకీ భుజాన వేలాడుతోంది, మొహం చూస్తే సేద్యం వదిలి వచ్చినవాడిలా ఉన్నాడు. నాకంటే ఎక్కువ అలిసిపోయి ఉన్నాడు. అరబ్బీలో నన్నే అడిగాడు, "నాలుగో వీధి ఎక్కడ?" అని. అతని చేతిలోనూ ఒక కాగితం ఉంది.

మావైపు మనుషులకు ఒక జబ్బుంది. ఖాకీ బట్టలు కనబడితే చాలు, అడగకముందే జేబులోని కాగితాలన్నీ తీసి చేతిలో పెడతాం. పాస్‌పోర్టు ఆఫీసు దగ్గర్నుంచి విమానాశ్రయం దాకా అట్లాగే అలవాటయ్యాం. నా చేయి నన్నడక్కుండానే పర్సులోంచి ఆ కాగితం తీసి అతనికిచ్చింది. మాటలు తెలుగులో ఉన్నా అంకెలు ఇంగ్లీషువి. అతను కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, వేలు పెట్టి, "ఆరు, నాలుగు, పదిహేడు" అని పైకి చదివాడు. నావైపు చూశాడు. కాగితం మడిచి తన జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

నేను చాలాసేపు అక్కడే ఉన్నాను. నా మీద నాకు వచ్చినంత కోపం ఎవరి మీదా రాలేదు. తర్వాత నీళ్లయిపోయాయి, కోపం కూడా అయిపోయింది, కాళ్లు రొట్టెల వాసన వచ్చినవైపు నడిచాయి.

హాజీ రొట్టెల బట్టీ, మంగళవారం మధ్యాహ్నం

అర్దియాకు చరిత్ర ఉందంటే అది ఆ బట్టీ దగ్గరే ఉంది. ఇరాన్ నుంచి వచ్చిన ముసలాయన నడుపుతున్నాడు. అందరూ హాజీ అంటారు. నన్ను చూసి ఏమీ అడక్కుండా కూజాతో నీళ్లూ, ఒక వేడి రొట్టే ఇచ్చాడు. డబ్బులివ్వబోతే, రొట్టె ధర పెంచలేదు, కానీ ఈ ఒక్కటీ లెక్కలోది కాదన్నాడు. తందూరులో చేయి పెట్టి తీస్తూనే కబుర్లు చెప్పాడు. నాకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో అర్థమైంది ఇది.

ఆయన వచ్చినప్పుడు ఇక్కడ గొర్రెల మందలు, గుడారాలు ఉండేవి. గాలి లేస్తే ఇసుకలో తన పొయ్యే తనకు కనబడేది కాదు. తర్వాత ప్రభుత్వం స్థలాలు గీసి ఇళ్లు కట్టించింది. గుడారాలవాళ్లే ఇళ్లవాళ్లయ్యారు, గొర్రెల స్థానంలో కార్లు వచ్చాయి. మసీదు కంటే, బడి కంటే, సహకార సంఘం కంటే ముందు వచ్చింది తన బట్టీ అని ఆయన గొప్ప. ఏ ఇంట్లో పెళ్లయిందో, ఎవరి కొడుకు చదువుకి వెళ్లాడో, ఎవరు అలిగి పుట్టింటికి పోయారో పొద్దున తీసుకెళ్లే రొట్టెల్ని బట్టి ఆయనకు తెలిసిపోతుంది. మా ఊళ్లో ఇట్లాంటి సమాచారమంతా బాయికాడ ఉంటుంది.

అయితే మా అక్క పనిచేసే ఇల్లు మీకు తెలిసే ఉంటుంది కదా అన్నాను. పొడుగ్గా ఉంటుంది, ఎడమ చేతి మీద కాలిన మచ్చ ఉంటుంది.

హాజీ పిండి చేతులు తుడుచుకున్నాడు. "నంబర్లు పోయినప్పటి నుంచి నాకు మతిమరుపు వచ్చింది" అన్నాడు. "ఏ ఇల్లూ గుర్తులేదు."

ఆయన కళ్లలో మతిమరుపేమీ లేదు. ఊరంతా కలిసి ఒకేసారి మరిచిపోయారని అప్పుడు నాకు అర్థమైంది. నేను ఎవరో, ఎవరు పంపితే వచ్చానో వాళ్లకేం తెలుసు? తమ్ముణ్ని అని ఎవరైనా చెప్పొచ్చు. కాళ్లు చాపి గోడకానుకుని కూర్చున్నాను. ఇక లేవలేననిపించింది. బస్సు, ఫోర్‌మన్, రెండు సీట్లు అన్నీ దూరంగా ఎవరివో అన్నట్టున్నాయి.

అప్పుడు తట్టింది. మా అక్క ఎక్కడున్నా శనివారం ఒక్కపొద్దు మానదు. ఆ రోజు ఒక పూటే తింటుంది, అదీ అన్నం, రొట్టె ముట్టదు. తినని రొట్టెను ఎవరి సొమ్ముతోనైనా సరే కొని పారేసే మనిషి కాదు.

"హాజీ, శనివారం మాత్రం ఒక రొట్టె తక్కువ తీసుకునే ఇల్లేదైనా ఉందా?" అన్నాను.

ఆయన తందూరులోని రొట్టె మాడుతున్నా తీయలేదు. నా మొహంలోకి చూశాడు.

"మిగతా రోజులు తొమ్మిది, శనివారం ఎనిమిది" అన్నాడు నెమ్మదిగా. "ఆరేళ్లుగా అడుగుతున్నాను, ఎవరితో పోట్లాడి తిండి మానేస్తావమ్మా అని. నవ్వుతుంది గాని చెప్పదు. నువ్వు మరియం తమ్ముడివా?"

ఆ ఇంట్లో మా అక్క పేరు మరియం అట. నాకు ఆ రోజే తెలిసింది. రామలక్ష్మమ్మ అని వాళ్లకు నోరు తిరగక, వచ్చిన రోజే మామా ఆ పేరు పెట్టేసిందట. అప్పటికీ హాజీ ఇల్లు ఎక్కడో చెప్పలేదు. "పొద్దున్నే తనే వస్తుంది. ఇక్కడే ఉండు" అని పిండి బస్తాల పక్కన చోటు చూపించాడు. పడుకున్నదే గుర్తుంది.

అదే బట్టీ, బుధవారం ఉదయం

నల్ల ముసుగులో, చేతిలో రొట్టెల గుడ్డతో వచ్చింది అక్క. నన్ను చూసి గుడ్డ జారవిడిచింది, ఏడుస్తుందనుకున్నాను.

"ఏమిరా, ఇంత బక్కచిక్కిపోయినావు?" అంది. "యాడ పండుకున్నావు? తలంతా పిండి."

బస్సు సంగతి చెప్పాను. అక్క వింటూ నా తల మీద పిండి దులుపుతూనే ఉంది.

"రేపే అంటే ఎట్లరా? పాస్‌పోర్టు మామా దగ్గరుండాది. బాబా ఇంట్లోనే దాంకోనుండాడు. ఆయన పోలీసులో పనిచేసేటోడు, ఆయన కోసరం తిరగతాండారు. మా వీధిలో పద్నాలుగు ఇండ్లు, అన్నిటి నంబర్లూ నేనూ మామా కలిసి పెరికినాము. ఇదో, స్క్రూడ్రైవరు ఇంకా నా సంచిలోనే ఉండాది."

సైనికుడి జేబులోని కాగితం కళ్లముందు కనబడింది. ఆరు, నాలుగు, పదిహేడు. చెప్పాలి. చెబితే అక్క పరిగెత్తి వెళ్లి వాళ్లను హెచ్చరిస్తుంది, ఇంకో చోట దాచేదాకా కదలదు. బస్సు పోతుంది. చెప్పకపోతే వస్తుంది. ఇదంతా నేను ఆలోచించానని మీతో ఒప్పుకుంటున్నాను; తొందరలో తోచలేదని చెప్పుకోవడానికి లేదు.

"పోయి మామాను అడుగు" అన్నాను. అంతే అన్నాను.

మధ్యాహ్నం దాకా బట్టీ దగ్గర కూర్చున్నాను. ఆ కొన్ని గంటలూ తొమ్మిదేళ్ల కంటే పొడుగ్గా ఉన్నాయి. వచ్చేటప్పుడు అక్కతో పాటు మామా కూడా వచ్చింది. కళ్లు తప్ప ఏమీ కనబడలేదు. అక్క చేతిలో పాస్‌పోర్టు పెట్టి, ముసుగులోంచే ఆమె చెంపలు రెండూ పట్టుకుని ఏదో చెప్పింది. తర్వాత నావైపు తిరిగి, "నువ్వేనా తమ్ముడివి? చాలా నడిచావట. యల్లా, ఇక పదండి, జాగ్రత్తగా తీసుకెళ్లు" అంది. ఆమె కళ్లలోకి నేను చూడలేదు. హాజీ తొమ్మిది రొట్టెలు కట్టి దారికని ఇచ్చాడు.

గురువారం, ఆ తర్వాత

బస్సు కంటే ముందే చేరుకున్నాం. గడియారం లేని భయానికి తెల్లవారకముందే మసీదు దగ్గర కూర్చున్నాం. బస్రా, బాగ్దాద్, ఎడారిలో గుడారాలు, నీళ్ల కోసం వరసలు, ఇవన్నీ చాలామంది చెప్పారు, నాకంటే బాగా చెప్పారు. సరిహద్దులో అక్క సంచి వెతికితే స్క్రూడ్రైవరు బయటపడింది. "మా తమ్మునిది, పైపుల పని" అంది తడబడకుండా. పైపుల పనికి అంత చిన్న స్క్రూడ్రైవరు ఎందుకని వాళ్లకు తట్టలేదు. బస్సులో అందరూ నిద్రపోయారు. నేను పోలేదు.

ఊరికి వచ్చాక కూడా అంతే. అర్దియా అనగానే నాకు ఆ గేటు, గేటు ముందు లారీ, లారీలోకి ఎక్కిస్తున్న మనిషి, ఇవే కనబడేవి. ఆ మనిషి మొహం నేనెప్పుడూ చూడలేదు. అక్క అప్పుడప్పుడూ వాళ్లెట్లుండారో అనేది. నేను లేచి బయటికి పోయేవాణ్ని.

తొమ్మిది నెలలకు ఉత్తరం వచ్చింది. మామా కూతురు ఇంగ్లీషులో రాసింది. మా హైస్కూలు అయ్యవారు చదివి చెప్పారు. యుద్ధం అయిపోయింది. బాబా క్షేమం. వాళ్ల ఇంటికి ఎవరూ రాలేదు. నంబరు ఇంకా బిగించలేదు, మరియం వచ్చి బిగించాలని మామా పట్టు. చివర్న ఇంకో మాట ఉంది: హాజీ ఇప్పటికీ శనివారం ఎనిమిది రొట్టెలే ఇస్తున్నాడు, మేమూ తొమ్మిదోది అడగడం లేదు.

అక్క ఏడ్చింది. ఆ సాయంత్రమే కాగితం సంగతంతా చెప్పేశాను. నోరు మూసుకున్న సంగతి కూడా. అక్క రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మూడో రోజు శనివారం. ఒక్కపొద్దు విడుస్తూ పిలిచి, నాకూ ఒక ముద్ద పెట్టింది.

"ఆ పొద్దు బట్టీకాడ చెప్పినా కదరా, మా వీధిలో పద్నాలుగు ఇండ్లని. పదిహేడో ఇల్లు యాడుంటాది?"

"మరి నాకు ఆరేండ్ల నాడు..."

"మగోళ్లెవురికీ ఇంటి నంబరు చెప్పొద్దనింది మామా. ముందున్న పనామె కోసరం ఎవురెవురో వచ్చి గలాటా చేసినారంట. నువ్వూ మగోనివే కదా. నోటికొచ్చింది చెప్పినా."

లేని ఇంటికి నేను తొమ్మిది నెలలు కాపలా కాశాను. మా మీద మాకే నవ్వొచ్చి ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. నవ్వయిపోయాక అక్క పళ్లెం వైపు చూస్తూ అన్నం కలిపింది.

"ఆ ఇల్లు ల్యాకపోయింది కాబట్టి సరిపోయింది" అంది.

ఇంకో ముద్ద నా చేతిలో పెట్టింది. తిన్నాను.